పీచును తినేది మనం కాదు

ఆరోగ్యం గురించి ఎవరిని అడిగినా వచ్చే సలహాల్లో "పీచు ఎక్కువ తినండి" ఒకటి. దీని మీద డాక్టర్లకీ, డైటీషియన్లకీ, వాట్సాప్ వైద్యులకీ ఎక్కడా పేచీ లేదు. అయితే ఈ సలహా పాటించిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరికి ఏళ్లనాటి మలబద్ధకం వదిలి ప్రాణం తేలికపడుతుంది. ఇంకొకరికి మూడోరోజుకల్లా పొట్ట ఉబ్బరం, గ్యాస్, నలుగురిలో కూర్చోవాలంటే టెన్షన్. గ్రాముల్లో లెక్కేస్తే ఇద్దరూ తిన్న పీచు సమానమే.

ఈ తేడాకు జవాబు గ్రాముల లెక్కలో దొరకదు. ఎందుకంటే పీచును మనం జీర్ణం చేసుకోం. పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియా జీర్ణం చేసుకుంటాయి, అవి వదిలిన పదార్థాలతో మన పేగు గోడ బతుకుతుంది. చాలామంది మనసులో పీచు అంటే పేగును ఊడ్చే చీపురు. ఆ పని చేసే పీచు లేకపోలేదు. కానీ మిగతా పీచులో చాలా భాగం బయటికి రాకముందే మాయమైపోతుంది, అసలు సంగతంతా ఆ మాయమయ్యే భాగంలోనే ఉంది. తిన్నది ఏ రకం పీచు, దాన్ని విరగ్గొట్టగల బ్యాక్టీరియా ఆ మనిషిలో ఉందా, పేగులో ఎంత దూరం వెళ్లాక ఆ పని జరుగుతోంది అనే మూడు విషయాలు తెలియకుండా గ్రాములు లెక్కపెట్టడం వల్ల ఒరిగేది తక్కువ.

ఒకే పేరు కింద పది రకాల పదార్థాలు

అన్నంలో, రొట్టెలో, బంగాళాదుంపలో ఉండే పిండిపదార్థం గ్లూకోజ్ అణువుల గొలుసు. ఆ గొలుసును తెంచే ఎంజైములు మన లాలాజలంలోనూ క్లోమరసంలోనూ ఉన్నాయి. మొక్కల కణాల గోడల్లో ఉండే సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే, కాకపోతే అందులో అణువులు ఒకదానికొకటి అతుక్కున్న తీరు వేరు. అంత చిన్న తేడాకే అది మన ఎంజైములకు లొంగకుండా పోతుంది. పండ్లలోని పెక్టిన్, ఉల్లి వెల్లుల్లిలోని ఇన్యులిన్, ఓట్స్‌లోని బీటా గ్లూకాన్, గోధుమలోని అరబినోజైలాన్ అన్నీ ఇంతే. తిన్న పిండిపదార్థాలనూ చక్కెరలనూ విరిచేందుకు మన జన్యువుల్లో ఉన్న ఎంజైములు ఇరవై కూడా దాటవు. అందుకే ఇవన్నీ చిన్నపేగును చెక్కుచెదరకుండా దాటి పెద్దపేగుకు చేరతాయి. ఇంత భిన్నమైన పదార్థాలకు ఉమ్మడిగా ఉన్న లక్షణం ఒక్కటే, మనకు అరగకపోవడం.

పాఠ్యపుస్తకాలు వీటిని నీటిలో కరిగేవి, కరగనివి అని రెండుగా విడదీస్తాయి. ఆ విభజన పరీక్షలో మార్కులకు పనికొస్తుంది గానీ పేగులో ఏం జరుగుతుందో పెద్దగా చెప్పదు. అంతకంటే పనికొచ్చే ప్రశ్నలు రెండున్నాయి. ఆ పీచు నీటితో కలిసి చిక్కటి జెల్ అవుతుందా? బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టగలవా?

ఇన్యులిన్, ఇసబ్‌గోల్ రెండూ కరిగే రకాలే. ఇన్యులిన్ చిక్కబడదు. పెద్దపేగులో అడుగుపెట్టగానే బ్యాక్టీరియా దాన్ని గబగబా తినేస్తాయి, గ్యాస్ కూడా అంతే గబగబా పుడుతుంది. ఇసబ్‌గోల్ మాత్రం నీళ్లు పీల్చుకుని జెల్ అవుతుంది, బ్యాక్టీరియాకు అంతగా లొంగదు, పట్టుకున్న నీటిని చివరిదాకా వదలదు. మలం గట్టిగా ఉంటే దాన్ని మెత్తబరుస్తుంది, మరీ పలచగా ఉంటే ఆ నీటిని పీల్చి చిక్కబరుస్తుంది. మలబద్ధకానికీ విరేచనాలకూ ఒకే మందు ఏమిటని ఆశ్చర్యపోయేవాళ్లకు సమాధానం ఇదే. ఓట్స్, బార్లీల్లోని బీటా గ్లూకాన్ రెండు పనులూ చేస్తుంది. చిన్నపేగులో చిక్కబడి పిత్త ఆమ్లాలను పట్టుకుని కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుంది, పెద్దపేగుకు చేరాక బ్యాక్టీరియాకు తిండి అవుతుంది.

గోధుమ తవుడుది మరో దారి. అది కరగదు, పులిసేది కూడా తక్కువే. దాని గరుకు ముక్కలు పేగు గోడకు తగిలినప్పుడు గోడ నీటినీ జిగురునూ వదులుతుంది, దాంతో మలం కదులుతుంది. చీపురు అనదగ్గది ఏదైనా ఉంటే ఇదే. ఇక్కడో తమాషా ఉంది. అదే తవుడును మెత్తటి పొడి చేస్తే గరుకుదనం పోయి ఆ గుణం కూడా పోతుంది, కొందరిలో మలం ఇంకా గట్టిపడుతుంది. ప్యాకెట్ మీద పీచు అంకె మాత్రం మారదు.

ఇక రెసిస్టెంట్ స్టార్చ్ ఉంది. 1982లో బ్రిటన్‌లో పనిచేస్తున్న హాన్స్ ఇంగ్లిస్ట్ బృందం దీనికి ఈ పేరు పెట్టింది. ఇది మామూలు పిండిపదార్థమే, కానీ మన ఎంజైములకు అందకుండా తప్పించుకుంటుంది. పచ్చి అరటికాయలో, పప్పు గింజల్లో సహజంగానే ఉంటుంది. ఉడికించిన బంగాళాదుంపను చల్లారనిస్తే అందులో కొంత పిండి మళ్లీ స్ఫటికంలా గట్టిగా పేర్చుకుని ఇలా మారుతుంది. పేరుకు స్టార్చ్, ప్రవర్తనకు పీచు.

ఒకరు విరిస్తే ఇంకొకరు తింటారు

మన శరీరంలో మన కణాలకంటే బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువని చాలాకాలం రాస్తూ వచ్చారు, ఇప్పటికీ రాస్తున్నారు. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఈ లెక్కను మళ్లీ మొదటినుంచీ వేశారు. 70 కిలోల మనిషిలో మానవ కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు అని తేలింది. అంటే దాదాపు సమానం. ఆ బ్యాక్టీరియా బరువంతా కలిపితే 200 గ్రాములు. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటుంది.

పది రెట్లు పోయినంత మాత్రాన వాటి ప్రాముఖ్యం ఏమీ తగ్గలేదు, ఎందుకంటే అసలు విషయం వాటి పనితనంలో ఉంది. బ్యాక్టీరాయిడ్స్ థీటాయోటామైక్రాన్ అనే ఒక్క జాతినే తీసుకోండి. పిండిపదార్థాలను, పీచును విరిచే ఎంజైముల జన్యువులు దాని ఒక్కదానిలోనే రెండు వందలకు పైగా ఉన్నాయి. మన దగ్గర ఇరవై లోపే అన్నది గుర్తుంటే మన భోజనంలో ఎంత భాగం వాటి చేతుల్లో ఉందో అర్థమవుతుంది.

అయినా ఏ ఒక్క జాతీ మొత్తం పని ఒంటరిగా చేయలేదు. రెసిస్టెంట్ స్టార్చ్‌నే చూడండి. దాన్ని మొదట కొరికి తెరవగలిగేవాటిలో ముఖ్యమైనది రూమినోకాకస్ బ్రోమీ. అది విరిచిన ముక్కల్లో తాను తినేది కొంత, పక్కన ఉన్నవాటికి అందేది కొంత. బిఫిడోబ్యాక్టీరియా ఇన్యులిన్‌ను తిని అసిటేట్, లాక్టేట్ అనే ఆమ్లాలను వదులుతాయి. ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ అనే మరో జాతి ఆ అసిటేట్‌ను తీసుకుని బ్యుటిరేట్ తయారుచేస్తుంది. లాక్టేట్‌ను బ్యుటిరేట్‌గా మార్చేవి ఇంకొన్ని. మధ్యలో పుట్టిన హైడ్రోజన్‌ను తీసుకుని మీథేన్ చేసే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి, అయితే అందరిలోనూ కాదు. ఈ వరసలో మొదటిది లేకపోతే తర్వాతివాటికి పని ఉండదు. మీ పేగులో రూమినోకాకస్ బ్రోమీ లేదనుకుందాం. అప్పుడు మీరు తిన్న రెసిస్టెంట్ స్టార్చ్‌లో చాలా భాగం వచ్చిన దారినే బయటికి పోవచ్చు. దాన్ని తిని పక్కవాడు పొందిన ప్రయోజనం మీకు రాదు.

ఈ సామర్థ్యం ఎక్కడినుంచి వస్తుందో చూపే వింత ఉదాహరణ జపాన్‌లో దొరికింది. సముద్రపు నాచులో పోర్ఫిరాన్ అనే పీచు ఉంటుంది. దాన్ని విరిచే ఎంజైము మొదట సముద్రంలో బతికే బ్యాక్టీరియాలో కనిపించింది. 2010లో ఫ్రెంచ్ పరిశోధకులు అదే జన్యువును జపనీయుల పేగు బ్యాక్టీరియాలో కూడా చూశారు. వాళ్లు పరిశీలించిన ఉత్తర అమెరికా వాసుల్లో అది లేదు. తరతరాలుగా నాచును తింటున్నప్పుడు దాంతోపాటు పొట్టలోకి వెళ్లిన సముద్ర బ్యాక్టీరియా నుంచి పేగు బ్యాక్టీరియా ఆ జన్యువును అందుకుని ఉండాలి.

అసలు మన జీవితం మొదలయ్యేదే బ్యాక్టీరియా కోసం ఉద్దేశించిన తిండితో. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒలిగోసాకరైడ్లు. వాటిని పసిబిడ్డ అరిగించుకోలేదు. అవి నేరుగా పెద్దపేగుకు వెళ్లి బిఫిడోబ్యాక్టీరియాను పెంచుతాయి. తాను అంత శ్రమపడి తయారుచేసే పాలలో కొంత భాగాన్ని తల్లి శరీరం బిడ్డకు కాకుండా బిడ్డ పేగులోని బ్యాక్టీరియాకు కేటాయిస్తోందంటే పరిణామక్రమంలో ఈ బంధానికి ఎంత విలువ ఉండి ఉండాలి! ప్రోబయోటిక్ క్యాప్సూళ్లు అమ్మే ప్రకటనల్లో ఈ తిండి మాట సాధారణంగా వినిపించదు. కొత్త బ్యాక్టీరియాను మింగినా దానికి తినడానికేమీ లేకపోతే అది ఆ పేగులో స్థిరపడడం కష్టం.

బ్యుటిరేట్ చేసే పని

పీచు పులిసినప్పుడు ముఖ్యంగా మూడు చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి. అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్. వీటి నిష్పత్తి సుమారుగా 60:20:20. అసిటేట్ రక్తంలోకి వెళ్లి శరీరమంతా తిరుగుతుంది. ప్రొపియోనేట్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం తీసుకుంటుంది. బ్యుటిరేట్‌ను మాత్రం పేగు గోడ కణాలు దాటనివ్వవు, అక్కడికక్కడే కాల్చేసుకుంటాయి. పెద్దపేగు లోపలి కణాలకు కావాల్సిన శక్తిలో దాదాపు 70 శాతం బ్యుటిరేట్ నుంచే వస్తుందని 1980 ప్రాంతంలో రోడిగర్ అనే పరిశోధకుడి ప్రయోగాలు చూపాయి. ఇది చిన్న విషయం కాదు. శరీరంలో మిగతా కణాలు తమకు కావాల్సిన ఇంధనాన్ని ప్రధానంగా రక్తం నుంచి తీసుకుంటాయి. పెద్దపేగు కణాలు మాత్రం రెండో పక్కనుంచి, అంటే బ్యాక్టీరియా ఉన్న వైపు నుంచి తీసుకుంటాయి.

బ్యాక్టీరియాయే లేకుండా పెంచిన ఎలుకల్లో ఏం జరుగుతుందో 2011లో ఒక అమెరికన్ బృందం చూసింది. వాటి పెద్దపేగు కణాలు శక్తి చాలక తమలోని భాగాలను తామే విరిచి తినడం మొదలుపెట్టాయి. బ్యుటిరేట్ అందించగానే ఆ స్థితి సర్దుకుంది.

దీని తర్వాత బయటపడిన విషయం నాకు ఇంకా ఆసక్తికరం. బ్యుటిరేట్‌ను కాల్చాలంటే కణానికి ఆక్సిజన్ కావాలి, చాలా కావాలి. కణాలు ఆ ఆక్సిజన్‌ను వాడేస్తూ ఉండడం వల్ల పేగు లోపలి వైపుకు అది దాదాపు చేరదు. పెద్దపేగులో మనకు మేలు చేసే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం ఆక్సిజన్ తగిలితే బతకలేనివి. సాల్మొనెల్లా, కొన్ని రకాల ఇ.కోలై వంటివి మాత్రం ఆక్సిజన్ ఉంటే రెచ్చిపోతాయి. ఇప్పుడు యాంటీబయోటిక్ వాడకంతో బ్యుటిరేట్ చేసే జాతులు తగ్గిపోయాయనుకోండి. కణాలకు ఇంధనం అందదు, అవి ఆక్సిజన్ అవసరం లేని పద్ధతిలో గ్లూకోజ్‌ను వాడుకోవడానికి మళ్లుతాయి. వాడని ఆక్సిజన్ పేగులోకి కారుతుంది. దాంతో రాకూడనివి పెరుగుతాయి, ఉండాల్సినవి ఇంకా తగ్గుతాయి. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో ఆండ్రియాస్ బాయ్మ్‌లర్ బృందం ఎలుకల్లో ఈ క్రమాన్ని దశలవారీగా చూపింది. బ్యాక్టీరియా కణాన్ని పోషిస్తుంది, కణం ఆ బ్యాక్టీరియాకు కావాల్సిన వాతావరణాన్ని కాపాడుతుంది. ఎక్కడ తెగినా రెండూ దెబ్బతింటాయి.

బ్యుటిరేట్‌కు మరో ముఖం ఉంది. ఇంధనంగా కాలిపోకుండా కణంలో పేరుకుంటే అది కొన్ని జన్యువులు పనిచేసే తీరును మార్చి కణవిభజనను ఆపుతుంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్ మీదే ఎక్కువగా ఆధారపడతాయి కాబట్టి వాటిలో అది పేరుకుని వాటి పెరుగుదలను అడ్డుకుంటుంది. మరి కొత్త కణాలను పుట్టించే మామూలు మూలకణాలు కూడా విభజన చెందుతూనే ఉండాలి కదా, వాటికి హాని జరగదా? పేగు గోడలో సన్నటి గుంటలుంటాయి, మూలకణాలు ఆ గుంటల అడుగున ఉంటాయి. పైన ఉన్న కణాలు బ్యుటిరేట్‌ను కాల్చేయడంతో అడుగుదాకా అది చేరదు. నాలుగైదు రోజులకోసారి కొత్తగా తయారయ్యే గోడకు ఈ ఏర్పాటు చాలా అవసరం.

అయితే బ్యుటిరేట్‌నే మాత్రలుగా మింగితే సరిపోదా అనిపించవచ్చు. మామూలుగా మింగితే అది పెద్దపేగుకు చేరకముందే చాలా భాగం ఇంకిపోతుంది. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) రోగుల్లో ఎనిమా రూపంలో, అంటే మలద్వారం గుండా, ఇచ్చి చూసిన ప్రయోగాల ఫలితాలు ఒకే తీరుగా రాలేదు. పీచు దాన్ని నెమ్మదిగా, గంటల తరబడి, అవసరమైన చోటే పుట్టిస్తుంది. ఆ పని మాత్రతో చేయించడం అంత తేలిక కాదు.

తిండి దొరక్కపోతే అవి తినేది

పెద్దపేగు గోడకూ బ్యాక్టీరియాకూ మధ్య రెండు వరసల జిగురు పొర ఉంటుంది. పై వరస వదులుగా ఉంటుంది, అందులో బ్యాక్టీరియా తిరుగుతాయి. గోడను ఆనుకుని ఉన్న లోపలి వరస దట్టంగా ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నప్పుడు అందులోకి బ్యాక్టీరియా రాలేవు. ఈ నిర్మాణాన్ని 2008లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు స్పష్టంగా చూపారు. కోట్లాది బ్యాక్టీరియాకు, మన రోగనిరోధక వ్యవస్థకు మధ్య ఉన్న దూరం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

ఆ జిగురులో ప్రధానమైన ప్రోటీన్ చుట్టూ చక్కెర గొలుసులు అల్లుకుని ఉంటాయి. అవి కూడా కొన్ని బ్యాక్టీరియాకు తిండే. పీచు వచ్చినంతకాలం చాలా జాతులు దాన్నే తింటాయి. పీచు ఆగిపోతే జిగురును తినగలిగేవి అటు మళ్లుతాయి, మిగతావి తగ్గిపోతాయి. 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ మార్టెన్స్ బృందం దీన్ని పకడ్బందీగా పరీక్షించింది. మనిషి పేగుల్లో ఉండే 14 జాతులను మాత్రమే ఎలుకల్లో ప్రవేశపెట్టి కొన్నిటికి పీచున్న ఆహారం, కొన్నిటికి పీచు లేని ఆహారం పెట్టారు. పీచు లేనివాటిలో జిగురు పొర బాగా పలచబడింది. ఆ తర్వాత పేగుకు సోకే ఒక రోగకారక బ్యాక్టీరియాను ఇస్తే వాటికి తీవ్రమైన పేగువాపు వచ్చింది, చాలావాటికి ప్రాణాంతకమైంది. పీచు తిన్న ఎలుకలు అదే సూక్ష్మజీవిని తట్టుకున్నాయి. ఒకరోజు పీచు పెట్టి మర్నాడు మానేసే పద్ధతిలో ఉంచినవాటిలో కూడా పొర తగ్గింది. ఇది ఎలుకల సంగతి, మనిషిలో ఇంత నాటకీయంగా జరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేం. కానీ వారమంతా మానేసి ఆదివారం పళ్లెం నిండా సలాడ్ తినేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవచ్చు.

రోగనిరోధక వ్యవస్థతో సంబంధం ఇంకో పెద్ద అధ్యాయం, క్లుప్తంగా చెప్పుకుందాం. పేగులో అనవసరమైన వాపును అదుపు చేసే టి-రెగ్యులేటరీ కణాలు పెరగడానికి ఈ చిన్న కొవ్వు ఆమ్లాలు తోడ్పడతాయని 2013లో మూడు వేర్వేరు బృందాలు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో చూపాయి. ఇవే ఆమ్లాలు పేగు గోడలోని కొన్ని కణాలను తట్టి జీఎల్‌పీ-1 వంటి, ఆకలిని తగ్గించే హార్మోన్లు విడుదలయ్యేలా కూడా చేస్తాయి.

ఎంత దూరం వెళ్లిందన్నది కూడా లెక్కే

పెద్దపేగు పొడవు సుమారు మీటరున్నర. ఆహారం చిన్నపేగును నాలుగైదు గంటల్లో దాటేస్తుంది, ఇక్కడ మాత్రం ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. కుడివైపున మొదటి భాగంలో బ్యాక్టీరియాకు విందు. త్వరగా పులిసే పీచు అక్కడే అయిపోతుంది. ఎడమవైపుకు వచ్చేసరికి మిగిలేది తక్కువ. పీచు అయిపోయిన చోట బ్యాక్టీరియా ఊరికే కూర్చోవు, ప్రోటీన్లను పులియబెడతాయి. దాంతో అమ్మోనియా, ఫినాల్స్, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటివి పుడతాయి. ఇవి ఎక్కువైతే గోడ కణాలకు హాని. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఎడమవైపున, మలాశయంలో కనిపించడానికి ఇది ఒక కారణం కావచ్చని చాలామంది అనుమానం.

ఇన్యులిన్ వంటి త్వరగా పులిసే రకాన్నే పొడి రూపంలో తీసుకుంటే ఎడమవైపుకు దాదాపు ఏమీ చేరదు. గింజలు, పప్పులు, కాయగూరల్లో పీచు కణాల గోడల్లో చిక్కుకుని ఉంటుంది, బ్యాక్టీరియా దాన్ని తెరవడానికి టైమ్ పడుతుంది కాబట్టి చివరిదాకా కొంత కొంత అందుతూ ఉంటుంది. పొడి డబ్బాల కంటే మామూలు తిండి మీద నాకు నమ్మకం ఎక్కువ ఉండడానికి ఇదే కారణం.

మనుషుల్లో ఏం తేలింది

ఈ ఆలోచనను ప్రపంచానికి ఎక్కించినవాడు డెనిస్ బర్కిట్. ఐర్లండ్‌లో పుట్టిన ఈ సర్జన్ ఉగాండాలో ఏళ్ల తరబడి పనిచేశారు. పాశ్చాత్య దేశాల్లో మామూలైన అపెండిసైటిస్, పెద్దపేగు క్యాన్సర్, డైవర్టిక్యులర్ జబ్బు (పెద్దపేగు గోడ చిన్న సంచుల్లా బయటికి ఉబ్బడం) అక్కడి గ్రామీణుల్లో అరుదుగా కనిపించడం ఆయన గమనించారు. 1970ల మొదట్లో మలం బరువు, అది పేగులో ప్రయాణించే సమయం కొలిచి, తేడాకు కారణం పీచేనన్నారు. ఆయన వివరణలో ప్రధానమైనవి మలం పరిమాణం, వేగం. బ్యుటిరేట్ కథ ఆ తర్వాత వచ్చింది.

తర్వాతి ముప్పై ఏళ్లు ఈ సిద్ధాంతం సాఫీగా నడవలేదు. 2000లో అమెరికాలో రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు ఒకేసారి వచ్చాయి. పేగులో పాలిప్స్ (గోడ మీద పెరిగే చిన్న కండలు, వీటిలో కొన్ని తర్వాత క్యాన్సర్‌గా మారగలవు) తీయించుకున్నవాళ్లలో కొందరికి కొవ్వు తగ్గించి పీచు, పండ్లు, కూరగాయలు పెంచిన ఆహారం, రెండో ప్రయోగంలో గోధుమ తవుడు ఇచ్చారు. మూడు నాలుగేళ్ల తర్వాత చూస్తే పాలిప్స్ మళ్లీ రావడంలో తేడా లేదు. అప్పుడు పత్రికలు పీచు పనయిపోయిందని రాశాయి. 2003లో పది ఐరోపా దేశాల్లో 5 లక్షలకు పైగా మందిని పరిశీలించిన ఎపిక్ అధ్యయనం మళ్లీ పీచు పక్షాన నిలిచింది. ఎక్కువ పీచు తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా కనిపించింది.

ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి కానీ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. దశాబ్దాలు పట్టే జబ్బును మూడు నాలుగేళ్లలో, అదీ మొదలైన తర్వాత, అంతగా పులియని తవుడుతో ఆపగలమా అని ఒకటి అడిగింది. జీవితమంతా రకరకాల పీచు తిన్నవాళ్లు ఎలా ఉన్నారని రెండోది అడిగింది. పీచు తినేవాళ్లు సాధారణంగా సిగరెట్లు తక్కువ తాగుతారు, వ్యాయామం ఎక్కువ చేస్తారు. గణాంకాల్లో ఎంత సర్దుబాటు చేసినా ఆ ప్రభావం పూర్తిగా పోదు. రెండో రకం అధ్యయనాల బలహీనత అది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం బృందం 185 దీర్ఘకాల పరిశీలనలను, 58 ప్రయోగాలను కలిపి విశ్లేషించింది. పీచు బాగా తినేవాళ్లలో గుండెజబ్బు, టైప్-2 మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్, మొత్తంగా మరణాలు 15 నుంచి 30 శాతం తక్కువగా ఉన్నాయి. రోజుకు 25 నుంచి 29 గ్రాముల దగ్గర లాభం స్పష్టంగా కనిపించింది. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాములు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సిఫారసుకు నేపథ్యం ఇదే.

ఆహారం మారితే పేగు ఎంత త్వరగా మారుతుందో 2015లో వచ్చిన ఒక ప్రయోగం చూపింది. 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లు, 20 మంది దక్షిణాఫ్రికా గ్రామీణులు రెండు వారాలు ఒకరి ఆహారం ఒకరు తిన్నారు. మొదటివారి పీచు రోజుకు 14 గ్రాముల నుంచి 55కు పెరిగింది. రెండోవారిది 66 నుంచి 12కు పడిపోయింది. కొవ్వు, మాంసం కూడా తారుమారయ్యాయి కాబట్టి ఫలితమంతా పీచుదేనని చెప్పలేం. అయినా రెండు వారాలకే అమెరికన్లలో బ్యుటిరేట్ రెండున్నర రెట్లయింది, పేగు గోడలో వాపు, కణవిభజన వేగం తగ్గాయి. దక్షిణాఫ్రికావారిలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది.

లించ్ సిండ్రోమ్ అనే జన్యులోపం ఉన్నవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. అలాంటివారు దాదాపు వెయ్యి మందిలో సగం మందికి రోజుకు 30 గ్రాముల రెసిస్టెంట్ స్టార్చ్ సగటున రెండేళ్లు ఇచ్చి, తర్వాత పదేళ్లకు పైగా గమనించారు. 2022లో వచ్చిన ఫలితం ఎవరూ ఊహించనిది. పెద్దపేగు క్యాన్సర్ తగ్గలేదు. కానీ జీర్ణకోశం పైభాగంలో వచ్చేవాటితో సహా ఇతర క్యాన్సర్లు దాదాపు సగానికి తగ్గాయి. బ్యుటిరేట్ చుట్టూ అల్లుకున్న అందమైన సిద్ధాంతంలో ఈ ఫలితం ఇంకా సరిగ్గా ఇమడలేదు.

ఎవరికి ఎంత, ఎవరికి వద్దు

2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మందిని రెండు గుంపులు చేసి ఒకరికి పీచు, ఇంకొకరికి పెరుగు, కెఫీర్, కిమ్చీ వంటి పులిసిన ఆహారాలు పది వారాలు పెట్టారు. పులిసినవి తిన్న గుంపులో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, వాపును సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. పీచు గుంపులో రకాలు పెరగలేదు. రోగనిరోధక స్పందన ఒక్కొక్కరిలో ఒక్కోలా వచ్చింది. మొదటినుంచీ రకరకాల బ్యాక్టీరియా ఉన్నవాళ్లలోనే వాపు తగ్గినట్టు కనిపించింది. అంటే పీచు ఇచ్చే ఫలితం అప్పటికే లోపల ఎవరున్నారన్న దాని మీద ఆధారపడుతోంది. తరాల తరబడి పీచు తగ్గించి పెంచిన ఎలుకల్లో నాలుగో తరానికల్లా చాలా జాతులు పూర్తిగా పోయాయని, మళ్లీ పీచు పెట్టినా తిరిగి రాలేదని అదే విశ్వవిద్యాలయంలోని సోనెన్‌బర్గ్ బృందం 2016లో చూపింది.

మొదట్లో చెప్పుకున్న ఉబ్బరం సంగతికి వస్తే, పీచు పెంచినప్పుడు గ్యాస్ రావడం బ్యాక్టీరియా పనిచేస్తున్నాయనడానికి గుర్తు. రోజుకు పది ఇరవైసార్లు గ్యాస్ పోవడం సహజమే. ఒక్కసారిగా రెట్టింపు చేయకుండా కొద్దికొద్దిగా పెంచితే రెండు మూడు వారాల్లో చాలామందికి సర్దుకుంటుంది, ఎందుకంటే గ్యాస్ తక్కువ పుట్టించే తీరులో బ్యాక్టీరియా సమూహం మారుతుంది. నీళ్లు తగ్గించి ఇసబ్‌గోల్ పెంచడం మాత్రం సమస్యను కొనితెచ్చుకోవడమే.

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (తరచూ కడుపునొప్పి, మలవిసర్జనలో తేడాలు ఉండే సమస్య) ఉన్నవాళ్లకు ఈ ఓపిక మాత్రమే చాలదు. గ్యాస్ అందరికీ పుట్టినంతే పుట్టినా వాళ్ల పేగు దాన్ని నొప్పిగా గుర్తిస్తుంది. తవుడు వాళ్లకు సాధారణంగా పడదు, ఇసబ్‌గోల్ చాలామందికి పడుతుంది. త్వరగా పులిసే చక్కెరలను, పీచును కొన్ని వారాలు తగ్గించే లో-ఫాడ్‌మ్యాప్ పద్ధతి ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. అది ఉపశమనం ఇస్తుంది, అదే సమయంలో బిఫిడోబ్యాక్టీరియాను తగ్గిస్తుంది కూడా. అందుకే దాన్ని జీవితాంతం పాటించకూడదు. ఏది పడుతుందో, ఏది పడదో ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి తెలుసుకోవాలి, వీలైతే డైటీషియన్ సాయంతో.

పేగులో దీర్ఘకాలం వాపు ఉండే క్రోన్స్ జబ్బులో, బ్యుటిరేట్ చేసే ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ తక్కువగా ఉంటుందని 2008 నుంచీ తెలుసు. దాన్నిబట్టి వాళ్లు పీచు దండిగా తినాలనిపిస్తుంది. కానీ ఆ జబ్బుతో పేగు ఒకచోట ఇరుకైపోయినవాళ్లకు గట్టి పీచు అక్కడ అడ్డుపడి ఆపరేషన్ దాకా తీసుకెళ్లగలదు. పేగు కదలికే నెమ్మదించిన కొన్ని రకాల మలబద్ధకంలో పీచు పెంచినకొద్దీ బాధ పెరుగుతుంది. ఇక మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, నడివయసు దాటాక హఠాత్తుగా మారిన మలవిసర్జన అలవాటు వంటివి ఉంటే పీచు పెంచాలా తగ్గించాలా అన్న చర్చను పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి పరీక్షలు చేయించుకోవాలి.